అమ్మో! పాయింట్ టూ టూ

షూటింగ్ రేంజ్‌లో తూటాల్ని అమ్యునిషన్ అని పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ ఉండదు. అందరూ "అమ్మో" అంటారు. మిగతా రాష్ట్రాల షూటర్లకి అది ఉత్త ఇంగ్లిష్ మాట. మనకి మాత్రం బిల్లు చేతికి రాగానే అది అచ్చ తెలుగైపోతుంది. మ్యాచ్‌లో వాడే మంచి పాయింట్ టూ టూ (.22) రౌండు, అంటే తూటా, ఒక్కోటి ఇప్పుడు ఇరానీ చాయ్ కంటే ఖరీదు. బోర్లా పడుకుని కొట్టే 60 షాట్ల ప్రోన్ మ్యాచ్‌కి, ముందు గురి సరిచూసుకునే షాట్లు, అంటే సైటర్లతో కలిపి 75, 80 రౌండ్లు పోతాయి. వారానికి మూడు రోజుల ప్రాక్టీసు ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

నేను కోచ్‌ని కాదు. బ్యాంకు ఉద్యోగిని. ఆదివారాలు, సెలవులు రేంజ్‌లోనే గడుస్తాయి. 14 ఏళ్లుగా 50 మీటర్ల ప్రోన్ కొడుతున్నాను. పతకాలు చెప్పుకునేంత లేవు కానీ, డబ్బు తగలేసిన అనుభవం మాత్రం దండిగా ఉంది. ఎయిర్ రైఫిల్ నుంచి పాయింట్ టూ టూకి మారే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఒక్కటే: "సార్, ఏ అమ్మో కొనాలి?" ఒక్క పేరు చెప్పేస్తే వాళ్లకీ సుఖం, నాకూ సుఖం. కానీ చెప్పలేను. ఎందుకు చెప్పలేనో, పేరు తెలియకపోయినా ఎలా ఎంచుకోవాలో, ఈ తూటా దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఈ తూటాతో పరిచయం కర్నూల్లో, డిగ్రీ కాలేజీ ఎన్‌సీసీలో. ఎండలో ఇసుక బస్తా ముందు బోర్లా పడుకోబెట్టి ఐదు రౌండ్లు చేతిలో పెట్టేవారు. 25 గజాల దూరంలో టార్గెట్. మా హవల్దార్ ఉస్తాద్ ఎన్ని పాయింట్లు వచ్చాయని అడిగేవాడు కాదు. ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయని చూసేవాడు. "నడిమధ్యలో పడకపోయినా ఫరవాలేదు, ఐదూ ఒక్కచోట పడాలి" అన్నది ఆయన హిందీలో చెప్పిన మాటకి నా తెలుగు. గ్రూపింగ్ అంటే అదే. అప్పుడు విసుగొచ్చింది కానీ, ఇప్పుడు ఈ వ్యాసం మొత్తం ఆ మాట మీదే నడుస్తుంది.

ఎన్‌సీసీలో పేల్చిన రౌండూ, ఒలింపిక్స్‌లో పేల్చే రౌండూ కొలతల్లో ఒకటే: .22 లాంగ్ రైఫిల్. 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన తూటా. బుల్లెట్ వ్యాసం 5.6 మి.మీ., బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. మెత్తటి సీసం, పైన మైనం పూత. పెద్ద రైఫిళ్ల తూటాలకి అడుగున మధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది, ఫైరింగ్ పిన్ దాని మీద కొడుతుంది. దీనికి ఆ బిళ్ల లేదు. పేలే రసాయనం ఇత్తడి కేస్ అంచు మడతలో ఉంటుంది. పిన్ ఆ అంచుని చితక్కొడితేనే లోపల మందు అంటుకుంటుంది. అందుకే రిమ్‌ఫైర్ అంటారు.

మన కష్టాలన్నీ ఆ అంచులోనే ఉన్నాయి. పెద్ద తూటాలు వాడేవాళ్లు ఖాళీ కేస్ ఏరుకుని, తమ రైఫిల్‌కి నప్పేలా మళ్లీ నింపుకుంటారు. రిమ్‌ఫైర్‌కి ఆ వీలు లేదు, ఒకసారి పేలితే అంచు చితికిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ ఏం ఇస్తే అదే మనకి ప్రసాదం. ఆ రసాయనం అంచు చుట్టూ ఎంత సమానంగా పరుచుకుంది, మందు ఎంత పడింది, బుల్లెట్ ఎంత బిగువుగా కూర్చుంది అన్నవి ఒక్కో బ్యాచ్‌కి వెంట్రుక వాసి మారతాయి. ఆ బ్యాచ్‌నే లాట్ అంటాం. ఒకే పేరు, ఒకే ధర, ఒకే డబ్బా, కానీ లాట్ నంబరు వేరైతే మీ బ్యారెల్ వరకూ అది వేరే తూటానే.

మెల్లగా వెళ్లడమే దీని గొప్ప

కొత్తవాళ్లకి నమ్మకం కుదరని సంగతి ఇది. మ్యాచ్ రౌండ్లు కావాలనే నిదానంగా వెళ్తాయి. బ్యారెల్ దాటేటప్పుడు వేగం సెకనుకి 325, 330 మీటర్ల దగ్గర ఉంటుంది. గాలిలో శబ్దం వేగం 20 డిగ్రీల దగ్గర సుమారు 343 మీటర్లు. అంటే బుల్లెట్ శబ్దం కంటే కాస్త వెనకే నడుస్తుంది. హై వెలాసిటీ అని రాసి ఉండే రకాలు 380 దాకా వెళ్తాయి. చూడటానికి అవే మేలు అనిపిస్తుంది. కానీ ఆ వేగంతో బయల్దేరిన బుల్లెట్ 50 మీటర్లు చేరేలోపే శబ్ద వేగం దగ్గరికి దిగిపోతుంది. ఆ గీత దగ్గర గాలి దాన్ని బాగా అడ్డుకుంటుంది, కుదురు చెడగొడుతుంది.

గాలివాటు లెక్క ఇంకా విచిత్రం. అడ్డంగా సెకనుకి 1 మీటరు గాలి వీస్తే 50 మీటర్ల దగ్గర మ్యాచ్ రౌండు ఐదారు మి.మీ. పక్కకి జరుగుతుంది. హై వెలాసిటీ రౌండు అదే గాలికి ఇంకా ఎక్కువ జరుగుతుంది. గాలి బుల్లెట్‌ని ఎంత నెడుతుందన్నది అది ఎంత త్వరగా చేరిందన్న దానికంటే, దారిలో ఎంత వేగం పోగొట్టుకుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మా క్లబ్‌లో ఒక ఇంజినీరు గారు ఈ మాట ఒప్పుకోక నాతో పందెం కట్టారు. జూలైలో, గాలి బాగా ఉన్న ఒక మధ్యాహ్నం, రెండు రకాలూ పదేసి కొట్టి చూసుకున్నారు. బిర్యానీ ఆయనే తినిపించారు.

చలిలో ఒక చిన్న మెలిక ఉంది. ఉష్ణోగ్రత తగ్గితే శబ్దం వేగమూ తగ్గుతుంది. 40 డిగ్రీల ఎండలో అది 355 మీటర్లు, 10 డిగ్రీల చలిలో 337. మన దగ్గర ఎండలో ఏ మ్యాచ్ రౌండైనా హాయిగా గీత కిందే ఉంటుంది. డిసెంబరు ఉదయాన ఢిల్లీలోనో భోపాల్‌లోనో కొట్టేటప్పుడు ఆ దూరం తగ్గిపోతుంది. అందుకే ఉత్తరాదిలో చలికాలం పోటీలకి నేను కాస్త తక్కువ వేగం లాట్ తీసుకెళ్తాను. ఎలీ అనే తూటాల కంపెనీ వాళ్లు తమ మ్యాచ్ రకాల డబ్బా మీద లాట్‌తో పాటు వేగాన్ని కూడా సెకనుకి అడుగుల్లో అచ్చు వేస్తారు. పనికొచ్చే అంకె అది. కానీ వేగం చూసి పెళ్లి చేసుకోకండి, ముందు పరీక్ష.

పదిలో పడాలంటే ఎంత జాగా ఉంది

పరీక్షకి ముందు ఈ లెక్క బుర్రలో ఉండాలి. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 10.4 మి.మీ. మన చొక్కా గుండీ అంత. గీతని తాకితే చాలు, ఎక్కువ పాయింటే ఇస్తారు. బుల్లెట్ మందం 5.6 కాబట్టి, దాని మధ్యబిందువు టార్గెట్ కేంద్రం నుంచి 8 మి.మీ. దూరం దాకా పోయినా 10.0 వస్తుంది. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.8 మి.మీ.కి 0.1 చొప్పున పెరుగుతూ 10.9 దాకా వెళ్తుంది. ప్రోన్‌లో ఇప్పుడు దశాంశాలే లెక్క. 60 షాట్లకి గరిష్ఠం 654.

మరి రౌండుకీ రౌండుకీ మధ్య వేగంలో సెకనుకి 10 మీటర్ల తేడా ఉంటే ఏమవుతుంది? 50 మీటర్ల దగ్గర ఒకటి ఇంకొకదాని కంటే సుమారు 7 మి.మీ. కిందో పైనో పడుతుంది. మీ గురి, శ్వాస, ట్రిగ్గర్ అన్నీ దేవుడు పట్టుకున్నట్టు ఉన్నా సరే, పదికి దొరికే జాగాలో చాలా భాగం తూటాయే తినేస్తుంది. గడియారంలో 12 వైపూ 6 వైపూ షాట్లు నిలువుగా చీలుతుంటే, మీ శ్వాసని తిట్టుకునే ముందు లాట్ మీద ఒక అనుమానం వేయండి.

నాకు ఈ సంగతి ఒక రాష్ట్ర స్థాయి పోటీలో బాగా తలకెక్కింది. పేరున్న, చాలా ఖరీదైన ఒక రకం తెప్పించుకున్నాను. ఇంత డబ్బు పెట్టాక పరీక్షించడం దండగ అనుకున్నాను. మొదటి 20 షాట్లలో నాలుగు తొమ్మిదిలు, అన్నీ నిలువుగా. టెన్షన్‌లో స్లింగ్ (రైఫిల్‌ని చేతికి కట్టే పట్టీ) బిగించాను, సడలించాను, చెంప ఆనే చోటు మార్చాను. మ్యాచ్ అయ్యేసరికి నా పొజిషన్ నాకే గుర్తులేదు. వారం తర్వాత రైఫిల్‌ని ఇసుక సంచుల మీద పెట్టి అదే లాట్ కొడితే అవే నిలువు చీలికలు. పక్క లేన్ కుర్రాడి రైఫిల్‌లో అదే డబ్బా రౌండ్లు సూది బెజ్జంలో దారం ఎక్కించినట్టు వెళ్లాయి. తూటాలో లోపం లేదు, నా బ్యారెల్‌కీ దానికీ జాతకం కుదరలేదంతే.

లాట్ పరీక్ష: ఒక డబ్బా, ఒక ఉదయం

జర్మనీలో షోనెబెక్ అనే ఊళ్లో లాపువా అనే తూటాల కంపెనీ వాళ్ల టెస్ట్ సెంటర్ ఉంది. రైఫిల్ పట్టుకెళ్తే బ్యారెల్‌ని బిగించి, వరసగా లాట్లు పేల్చి, నప్పినదాన్ని మన పేరు మీద పక్కన పెడతారు. జాతీయ జట్టులో ఉన్నవాళ్లకి అది దొరుకుతుంది. మనలాంటివాళ్లకి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ద్వారానో, క్లబ్ ద్వారానో ఏ లాట్లు వస్తే అవే. అయినా ఆ మూడు నాలుగు లాట్లలో ఏది మనదో తేల్చుకోవడం మన చేతిలోనే ఉంది.

డబ్బాలో 50 రౌండ్లు ఉంటాయి. ఒక్కో లాట్‌కి ఒక్క డబ్బా చాలు. పొద్దున్నే, గాలి లేవకముందు వెళ్లండి. హైదరాబాద్‌లో నాకు ఏడు, ఎనిమిదిన్నర మధ్య దొరికే నిశ్చలం ఆ తర్వాత దొరకదు. ప్రోన్‌లోనే పడుకోండి. రైఫిల్ ముందు భాగం ఒక ఇసుక సంచి మీద, భుజానికి ఆనే బట్ కింద ఇంకో చిన్న సంచి. మీ ఒంటి ప్రభావం ఎంత తక్కువ ఉంటే ఫలితం అంత నిజం.

మొదటి పది రౌండ్లు లెక్కలోకి రావు. ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం. ముందు కొట్టిన రకం పూత బ్యారెల్‌లో ఉండగా కొత్తది కొడితే మొదటి కొన్ని ఎటు పోతాయో చెప్పలేం. ఈ పదీ ఆ పాత వాసన వదిలించడానికి. మిగిలిన 40ని పదేసి చొప్పున నాలుగు గ్రూపులు. ఐదు షాట్ల గ్రూపులతో సరిపెట్టుకోవాలని చేతులు దురద పెడతాయి, ఎందుకంటే అవి ఫోటోలో అందంగా వస్తాయి. ఐదు షాట్లు అబద్ధం చెబుతాయి. పది కూడా ఒక్కోసారి చెబుతుంది, అందుకే నాలుగుసార్లు అడుగుతున్నాం.

కాగితం టార్గెట్ అయితే అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. అందులోంచి 5.6 తీసేస్తే మధ్యబిందువుల దూరం వస్తుంది. ఆ దూరం 16 లోపుంటే, గ్రూప్ నడిమధ్యకి తెచ్చుకున్నప్పుడు అన్నీ పదిలోనే పడే వీలుంది. అంటే బయటి కొలత 21.6 దాటిందంటే ఆ లాట్ మీ పదిని తనంతట తానే పోగొట్టగలదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే ఈ కొలతల గొడవ లేదు, ప్రింట్ తీసుకుంటే చాలు.

పోయినేడు నేను మూడు లాట్లు చూశాను. ఖరీదైన లాట్ బయటి కొలతలు 15, 16, 24, 15. మధ్య రకం లాట్: 18, 19, 18, 19. మూడోది చెప్పుకోవద్దు. నా పక్కనున్నవాళ్లందరూ మొదటిదే తీసుకోమన్నారు. 15 చూసి ఎవరికైనా నోరూరుతుంది. నేను రెండోది తీసుకున్నాను. ఆ 24 ఎందుకొచ్చింది? తొమ్మిది రౌండ్లు ఒక ముద్దగా పడి, ఒక్కటి ఊరి బయటికి వెళ్లింది. దాన్ని ఫ్లయర్ అంటాం. నలభైలో ఒకటి అలా వెళ్తే, 60 షాట్ల మ్యాచ్‌లో ఒకటో రెండో గ్యారంటీ అనుకోవాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినప్పుడు తప్పు నాదా, తూటాదా అని పది నిమిషాలు బుర్ర తినేస్తుంది. లాట్‌ని దాని అందమైన గ్రూప్ చూసి కాదు, అధ్వానమైన గ్రూప్ చూసి ఎంచుకోండి. సంబంధం చూసేటప్పుడు మా అమ్మమ్మ కూడా అబ్బాయి బుద్ధిగా ఉన్న రోజు గురించి అడిగేది కాదు, కోపమొస్తే ఏం చేస్తాడని అడిగేది.

లాట్ దొరికాక, మీ లైసెన్స్ అనుమతించినంత, జేబు ఒప్పుకున్నంత ఒకేసారి తీసుకోండి. ఆరు నెలల తర్వాత వెళ్తే అదే పేరుంటుంది, అదే లాట్ ఉండదు. దాన్ని పోటీలకి దాచి, రోజువారీ ప్రాక్టీసుకి చవక రకం వాడండి. లాపువా, ఎస్‌కే బ్రాండ్లు రెండూ షోనెబెక్ ఫ్యాక్టరీ సరుకే. ఎస్‌కేలోని మామూలు రకాలతో కూడా పొజిషన్ నేర్చుకోవడానికి ఏ లోటూ లేదు. పదహారేళ్ల పిల్లవాడికి మొదటి రోజే ఎలీ టెనెక్స్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 లాంటి ఖరీదైన రకాలు కొనిపెట్టడం, సైకిల్ నేర్చుకునేవాడికి రేసింగ్ టైర్లు వేయించడమే. వాడి గ్రూప్ ఇంకా 40 మి.మీ. ఉన్నప్పుడు తూటా తెచ్చే రెండు మి.మీ. లాభం ఎక్కడా కనపడదు.

రౌండ్లని ఒక్కోటి తూచడం, అంచు మందం కొలిచి విడదీయడం చేసేవాళ్లు కొందరున్నారు. నేనూ ఒక వేసవిలో చేశాను. మంచి లాట్‌లో తేడా తేలలేదు, చెడ్డ లాట్ మంచిదీ కాలేదు. ఆ సమయం డ్రై ఫైరింగ్‌కి, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకి పెట్టండి. ఒక్క జాగ్రత్త: రిమ్‌ఫైర్ రైఫిల్‌లో ఖాళీ ఛాంబర్ (తూటా కూర్చునే అర) మీద ట్రిగ్గర్ నొక్కితే కొన్నిటిలో పిన్ వెళ్లి ఛాంబర్ అంచునే కొడుతుంది. డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటేనే చేయండి.

ఎండ, మైనం, గాలి

మేలో ఒకసారి డబ్బాలు కారు డిక్కీలో మర్చిపోయాను. సాయంత్రం తెరిస్తే మైనం ఒక పక్కకి జారి, బుల్లెట్లు సగం తడిగా సగం పొడిగా ఉన్నాయి. ఆ డబ్బాతో నా రైఫిల్ గ్రూప్ పల్లీల పొట్లం విప్పినట్టు విచ్చుకుంది. అప్పటి నుంచి పాల ప్యాకెట్లు తెచ్చుకునే చిన్న థర్మాకోల్ పెట్టెలో పెట్టుకెళ్తున్నాను. ఐస్ వద్దు, తేమ చేరుతుంది. లేన్‌లో కూడా రౌండ్లు గుచ్చి పెట్టుకునే బ్లాక్ మీద ఎండ పడనివ్వకండి. వేడెక్కిన మందు వేగం పెంచుతుంది, షాట్ పైకి పోతుంది. గాలి తగ్గుతుందేమోనని వేడి బ్యారెల్‌లో రౌండు పెట్టి నిమిషాలు నిమిషాలు కూర్చోవడం కూడా అంతే. ఆగాలనుకుంటే రౌండు లోపల పెట్టక ముందే ఆగండి.

రౌండ్లని అరచేతిలో నలపకండి, నేల మీద పడ్డ రౌండుని మ్యాచ్‌లో వాడకండి. మైనానికి ఇసుక అంటుకుంటే అది నేరుగా బ్యారెల్‌లోకి వెళ్తుంది.

50 మీటర్ల రేంజ్‌లో 10 మీటర్ల దగ్గర, 30 మీటర్ల దగ్గర గాలి జెండాలు ఉంటాయి. దగ్గరి జెండాకి ఎక్కువ విలువ ఇవ్వండి. మొదట్లో పక్కకి తిరిగిన బుల్లెట్ ఆ కోణంతోనే మిగతా దారంతా వెళ్తుంది. గాలి ఉత్త పక్కకే నెట్టదు. లోపలి గాడులు కుడివైపు తిరిగే మామూలు కుడి మెలిక బ్యారెల్ అయితే, కుడి నుంచి వీచే గాలి షాట్‌ని ఎడమకీ కాస్త పైకీ, గడియారంలో 10 వైపు తీసుకెళ్తుంది. ఎడమ నుంచి వీస్తే 4 వైపు. ఆ ఏటవాలు గీత గుర్తుంటే తొమ్మిది ఎందుకొచ్చిందో సగంసార్లు తెలిసిపోతుంది.

బ్యారెల్ శుభ్రం గురించి రేంజ్‌లో ఎంతమందిని అడిగితే అన్ని మతాలు. నా పద్ధతి: ఐదారు వందల రౌండ్లకి ఒకసారి, రౌండు పెట్టే బోల్ట్ వైపు నుంచే, పూత ఉన్న రాడ్‌తో. ఆ తర్వాత కనీసం 15 రౌండ్లు కొట్టాకే గ్రూప్ చూస్తాను. పోటీ ముందురోజు మాత్రం ముట్టుకోను.

దేనికి పనికిరాదు

ఈ తూటా 50 మీటర్ల కాగితానికి పుట్టింది. దాన్ని దాటితే బింకం సడలుతుంది. 50కి సరిచేసిన సైట్‌తో 100 మీటర్ల టార్గెట్ మీద కొడితే షాట్ సుమారు పావు మీటరు కింద పడుతుంది, గాలి ప్రభావం నాలుగింతల దగ్గరికి వెళ్తుంది. అంత దూరం కొట్టే పోటీలు విదేశాల్లో ఉన్నాయి, సరదాగానే ఉంటాయి. కానీ మన దగ్గర .22కి అసలైన ఆట 50 మీటర్ల ప్రోన్, త్రీ పొజిషన్ (మోకాలి మీద, బోర్లా, నిలబడి కొట్టేది). 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఈ తూటాతోనే, త్రీ పొజిషన్‌లో. 2012 లండన్‌లో ప్రోన్‌లో జోయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ అదే లండన్‌లో గెలిచిన కాంస్యం ఎయిర్ రైఫిల్‌ది, అందులో ఈ గొడవేదీ లేదు, పెల్లెట్లే. ప్రోన్‌ని 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

ఊరికి వెళ్తే వచ్చే ప్రశ్న వేరు. మా చిన్నాన్న బుడ్డల (వేరుశనగ) చేను మీద అడవి పందులు పడితే, రాత్రికి రాత్రి అర ఎకరం దున్నేసినట్టు అవుతుంది. ఆయన బాధ నిజమే. "ఏమ్రా, లచ్చలు పోసి తుపాకి కొన్యావు, ఒక్క పందినన్నా కొట్టలేవా?" అన్నాడు. రెండు కారణాలు చెప్పాను. మొదటిది చట్టం: 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం, పంటకి నష్టమైనా సరే, అధికారులు రాతపూర్వకంగా అనుమతించినవాళ్లే కాల్చాలి. నా లైసెన్స్ టార్గెట్ కొట్టడానికిచ్చింది. రెండోది తూటా శక్తి: బ్యారెల్ దాటేటప్పుడు దీనికున్నది సుమారు 140 జౌళ్లు. పందికి గాయమవుతుంది, చావదు. గాయపడ్డ పంది ఎవరి మీదకి వస్తుందో చిన్నాన్నకి నాకంటే బాగా తెలుసు. "అయితే అది బొమ్మ తుపాకే" అని తేల్చేశాడు.

అక్కడే నేను ఆయన్ని ఆపాను. బొమ్మ కాదు. పైకి గురిపెట్టి పేలిస్తే ఈ చిన్న బుల్లెట్ ఒకటిన్నర కిలోమీటరు దాకా వెళ్లగలదు. మెత్తటి సీసం కాబట్టి చదునైన రాయి మీదో, చెరువు నీళ్ల మీదో తగిలితే ఎటు తుళ్లి పోతుందో తెలియదు. వెనక మట్టి కట్ట ఉన్న అనుమతి పొందిన రేంజ్ తప్ప దీనికి ఇంకో చోటు లేదు. పొలం గట్టు మీద డబ్బా పెట్టి చూద్దామనే బావమరుదులు ప్రతి ఇంట్లో ఉంటారు. ఒప్పుకోవద్దు.

పేలకపోతే

రిమ్‌ఫైర్‌లో మిస్‌ఫైర్లు, మధ్యలో బిళ్ల ఉండే సెంటర్‌ఫైర్ కంటే ఎక్కువ. అంచులో ఆ ముక్కకి రసాయనం అందకపోయి ఉండొచ్చు. "టక్" మని ఊరుకుంటే వెంటనే బోల్ట్ తీయకండి. కొన్ని ఆలస్యంగా పేలతాయి. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, చెయ్యెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి, ఆ తర్వాత తీయండి. పేలని రౌండుని చెత్తబుట్టలో వేయకూడదు, రేంజ్‌లో అప్పగించాలి. ఇంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది: శబ్దం వింతగా, తుస్సుమని వచ్చి టార్గెట్ మీద చిల్లు లేకపోతే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. బ్యారెల్‌లోంచి వెలుతురు కనపడేదాకా ఇంకో రౌండు పెట్టకండి.

శబ్దం తక్కువని చెవులకి రక్షణ మానేయొద్దు. రోజుకి వంద పేలుళ్లు పక్క లేన్లవి కూడా వినపడతాయి. రేంజ్ నుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోకుండా సమోసా ముట్టకండి, వేళ్ల మీద ఉన్నది సీసం. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

లెక్క రాసుకోండి. తేదీ, లాట్, ఎన్ని కొట్టారు, ఎన్ని మిగిలాయి. ఇది క్రమశిక్షణ కోసం మాత్రమే కాదు. 1959 ఆయుధాల చట్టం కింద ఒక్క రౌండుకైనా లైసెన్స్ కావాలి, ఎంట్రీ లేకుండా స్నేహితుడికి పది రౌండ్లు ఇవ్వడం కూడా తప్పే. విమానంలో పోటీలకి వెళ్లేటప్పుడు ముందే ఎయిర్‌లైన్స్‌కి చెప్పి, కాగితాలు చూపించి, చెక్‌ఇన్ లగేజీలో విడిగా ప్యాక్ చేయాలి. తూటాలకి సాధారణంగా ఒక్కొక్కరికి 5 కిలోల పరిమితి. వెయ్యి రౌండ్లు డబ్బాలతో కలిపి మూడున్నర కిలోల పైనే తూగుతాయి.

చేతి సంచిలో మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు. చెప్పినంత తేలిక కాదు ఇది. వేలి కొస అంత ఉండే రౌండు షూటింగ్ జాకెట్ మడతలో, ల్యాప్‌టాప్ సంచి అరలో, కారు సీటు పట్టాల మధ్య దూరి నెలల తరబడి ఉంటుంది. ఎక్స్‌రేలో కనపడ్డాక "మర్చిపోయాను సార్" అంటే పోలీస్ స్టేషన్‌లోనే అనాలి. రేంజ్‌కి తీసుకెళ్లే సంచీ, ఊళ్లకి తీసుకెళ్లే సంచీ వేరువేరుగా ఉంచుకోండి. రేంజ్ వదిలే ముందు ప్రతి జేబూ తిరగేసి చూడండి. ఒకసారి మా వాషింగ్ మెషీన్ తిరుగుతూ తిరుగుతూ టంగుమంటే మా ఆవిడ ఆపి చూసింది. ప్యాంటు జేబులోంచి జారిన మంచి లాట్ రౌండు ఒకటి, తళతళా మెరుస్తూ. "అమ్మో!" అంది. అప్పటి నుంచి రేంజ్ బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను.